పీట మీది పసుపు చెయ్యి

ఇస్నాపూర్‌లో కిరాయి గదుల వరసలోకి కొత్త పనివాళ్లు ఎవరు దిగినా మల్లవ్వ మొదట అడిగే మాట ఒకటే.

"మీ దిక్కు సముద్రం ఉన్నదా, బిడ్డా?"

లేదంటే వాళ్ల దారి వాళ్లది. ఉందంటే మాత్రం ఆ మనిషికి ఆ పూట చాయ్ ఖాయం. ఒకసారి ఒడిశా నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. సముద్రమన్న మాటొక్కటి పట్టుకుని ఉందని తలూపారు. మల్లవ్వ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి గ్లాసులు చేతికిచ్చి, అసలు సంగతిలోకి దిగింది.

"అయితే ఆడ నీళ్ల మీద పీటేసుకొని నిలబడే పిల్లగాడు కనబడ్డడా? ఎర్రెంటికెలోడు?"

వాళ్లకు తెలుగు రాదు. ఈమెకు హిందీ సగమే వచ్చు. ఇక లాభం లేదని కొంగు బొడ్లో దోపుకుని, లేచి నిలబడి, మోకాళ్లు వంచి, చేతులు రెండూ పక్కలకు చాపి అటూ ఇటూ ఊగి చూపించింది. మనవళ్లున్న మనిషి అరుగు మీద అలా ఊగుతుంటే ఒడియా కుర్రాళ్లు చాయ్ ఒలకబోసుకుని నవ్వారు. "నహీ దేఖా, అమ్మా" అన్నారు.

"సూస్తే జెప్పుండ్రి. బతికున్నడా లేడా, గదొక్కటి తెలిస్తే సాలు."

పక్కింటి సత్తెమ్మ గోడ మీంచి తల పెట్టింది. "ఏందే మల్లవ్వా, నీ అల్లుడు ఇంకా దొరకలేదా?"

"దొరకలే. దొరికితే నీకే ఇచ్చి జేస్త తియ్యి."

వరసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మల్లవ్వే నవ్వింది. ఆమె నవ్వు అలాంటిది, మొదలుపెడితే పక్క గదిలో నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నవాడు కూడా లేచి కూర్చునేవాడు. ఆమె పోయి ఇన్నేళ్లయినా, ఊళ్లోకి ఎప్పుడైనా వచ్చిన పాత కిరాయిదారులు "సముద్రం అవ్వ ఇల్లు ఇదే గదా" అని ఆ అరుగు ముందు ఒక నిమిషం నిలబడి పోతుంటారు.

కానీ ఆ ప్రశ్న తమాషా కోసం పుట్టింది కాదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫైబర్ కంపెనీ ఉండేది. దానికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గానీ, అందరికీ అది ఫైబర్ కంపెనీయే. నీళ్ల ట్యాంకులు, బస్సు సీట్లు, బాత్‌రూమ్ తలుపులు, పార్కుల్లో పెట్టే నోరు తెరిచిన కుందేలు ఆకారపు చెత్తడబ్బాలు, అన్నీ అక్కడే పోసేవారు. ఆ షెడ్లు లేచిన నేల మీదే మల్లవ్వ వయసులో ఉన్నప్పుడు కూలికి నాట్లు వేసింది. పొలం పోయాక అదే నేల మీద కత్తెర పట్టుకుని గాజు నూలు పరుపులను కొలతకు కత్తిరించే పనిలో కుదిరింది. "అప్పుడు వంగి నాటేసిన, ఇప్పుడు వంగి కత్తిరిస్తున్న. నా నడుముకు కంపెనీ అచ్చింది తెల్వనే తెల్వదు" అనేది. గాజు నూలు ఒంటికి తగిలితే ఒకటే దురద. కొత్తగా చేరిన ఆడపిల్లలు మోచేతులు గోక్కుంటూ ఏడుస్తుంటే, పనికి ముందే కొబ్బరినూనె పట్టించుకొమ్మని నేర్పింది ఆమే.

అక్కడ సూపర్‌వైజరు కామేశ్వరరావు. కాకినాడ మనిషి. కంపెనీ మొత్తంలో సముద్రం చూసినవాడు ఆయనొక్కడే. ఎనభయ్యో దశకం చివర్లో, వానలు వెనకబట్టిన రోజుల్లో, ఆయన ఒక ఎర్రజుట్టు తెల్లకుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడి చేతిలో సగానికి విరిగిన పొడుగాటి తెల్లని బల్ల లాంటిదొకటి ఉంది. ఒక కొన మొనదేలి ఉంది, కింద చేప రెక్కల్లాంటివి ఉన్నాయి.

"ఇతని పేరు మార్టిన్. విశాఖపట్నం అవతల జాలర్ల పల్లెలో ఉంటున్నాడు. దీని మీద నిలబడి అలల మీద జారతాడు. ఇది విరిగిపోయింది. ఇలాంటిది మనం చేసివ్వాలి" అన్నాడు కామేశ్వరరావు.

"నీళ్ల మీద నిలబడతడా? మునగడా?" అంది మల్లవ్వ.

"మునగడానికి కాదమ్మా, తేలడానికే ఇది."

"అంటే పీట అన్నట్టు."

మిగతావాళ్లు బోర్డు అన్నా, ఆమెకు అది ఆ రోజు నుంచీ పీటే.

మొదటి పీట గురించి చెప్పుకోవాలి. పోత పోసే పనిలో చేయి తిరిగిన చిన్నరాములు, మల్లవ్వకు తమ్ముడి వరస, థర్మోకోల్ దిమ్మెను ముద్దుగా చెక్కి, దాని మీద గాజు నూలు పరిచి, ఆరితే గట్టిపడే రెసిన్ జిగురు పోశాడు. కాసేపటికి లోపల నుంచి చిటచిటమని చప్పుడు. పీట మధ్యలో గుంట పడింది. ఆ గుంట పెరిగి పెరిగి, అందరూ చూస్తుండగానే దిమ్మె ముడుచుకుపోయింది.

"మల్లక్కా, ఉరికిరా! బోర్డు దాన్నదే తింటున్నది!" అని అరిచాడు చిన్నరాములు.

రెసిన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుందని ఆ రోజు అందరికీ తెలిసింది. మార్టిన్ నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. తన పీట కళ్ల ముందు పాడైపోతే నవ్వే పిల్లగాణ్ణి మల్లవ్వ అప్పుడే చూడటం. మధ్యాహ్నం తన టిఫిన్‌లోంచి జొన్నరొట్టె తుంచి మిరపకాయ తొక్కు పెట్టి ఇచ్చింది. వాడు కళ్ల నీళ్లు కారుతుండగా తిని, మళ్లీ చేయి చాపాడు. ఇంకేముంది, పని నడిచినన్నాళ్లు ఆమె టిఫిన్‌లో ఒక రొట్టె ఎక్కువే ఉండేది. "నా పెద్దోని యీడోడు. ఈని తల్లి యాడున్నదో, ఎట్ల పంపిందో" అనేది.

రెండోసారి శీతల గిడ్డంగుల గోడల్లో వాడే గట్టి నురుగు దిమ్మె తెప్పించి చెక్కారు. అది రెసిన్‌కు లొంగలేదు. ఒక పొర ఎక్కింది. ఇంకో పొర ఎక్కాలి. ఆ నడుమ దసరా వచ్చింది.

కంపెనీల్లో ఆయుధపూజ ఎట్లా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. యంత్రాలు కడిగి, బంతిపూల దండలు వేసి, కత్తెర నుంచి తూకం కాటా దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. ఆడవాళ్లలో పెద్దది కాబట్టి పసుపు పళ్లెం మల్లవ్వదే. అన్నిటికీ పెట్టుకుంటూ వచ్చి పీట దగ్గర ఆగింది. పీట మీదికి మనిషి ఎక్కబోతున్నాడు. పెండ్లిలో పిల్లా పిలగాడు ఎక్కే పీటకు పసుపు రాయకుండా ఎవరైనా ఊరుకుంటారా? కుడి అరచేతినిండా తడి పసుపు పూసుకుని, పీట నడుమ గట్టిగా ఒత్తింది. ఆమె చిటికెన వేలు సగమే ఉంటుంది. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగింది. పీట మీద కూడా నాలుగున్నర వేళ్లే పడ్డాయి.

"అక్కా, గిదేంది?" అన్నాడు చిన్నరాములు.

"పిల్లగాడు సల్లగుండాలె. నువ్వు నీ రెసిను పొయ్యి."

అక్క చెప్పిందని అతను పోశాడు. రెండో పొర కింద పసుపు చెయ్యి అద్దంలో బొమ్మలా నిలిచిపోయింది.

పండగ మర్నాడు కామేశ్వరరావు చూశాడు. ముఖం తెల్లబోయింది.

"ఎవరు పెట్టారిది?"

"నేనే సారూ."

"తడి పసుపా? తడి ఉన్నచోట రెసిన్ పట్టుకోదని నీకు తెలీదూ? పొరలు విడిపోతాయి. సరిగ్గా ఇక్కడే విరుగుతుంది. సముద్రమంటే మీ ఊరి చెరువనుకున్నావా మల్లవ్వా? నడి అలలో ఇది రెండు ముక్కలైతే ఆ కుర్రాడి గతేంటి?"

ఇంకోటి చేయడానికి నురుగు లేదు, టైము లేదు. యజమాని నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి కామేశ్వరరావు కంపెనీ గుర్తున్న పెద్ద స్టిక్కరు తెచ్చి ఆ చేతి మీద అతికించాడు. మార్టిన్ వచ్చాడు, పీట చూసి ముద్దు పెట్టుకున్నాడు, దాన్ని ఆర్టీసీ బస్సు మీదికి ఎక్కించాడు. మల్లవ్వ బస్సు దాకా వెళ్లింది. ఆ స్టిక్కరు దిక్కు చూపించి, "బిడ్డా, ఈడ పైలం, ఈడ పైలం" అని జాగ్రత్త చెప్పింది. ఇంగ్లీషులో చెప్పమన్నట్టు సారు వైపు చూసింది. కామేశ్వరరావు ముఖం తిప్పుకున్నాడు. మార్టిన్‌కు ఏమర్థమైందో, ఆమె చేయి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. బస్సు కదిలింది.

ఆ తర్వాత మార్టిన్ రాలేదు. కబురూ లేదు.

మల్లవ్వ నవ్వడం మానలేదు, పాడటం మానలేదు, సత్తెమ్మతో గోడ తగాదాలు మానలేదు. ఒక్కటే మానింది. దేనికీ పసుపు పెట్టలేదు. దసరా వస్తే యంత్రాలన్నీ కడిగేది, పూలు కట్టేది, పళ్లెం మాత్రం తనతోపాటు కత్తెర పట్టే రాధమ్మ చేతికిచ్చేది. సొంత కొడుకు పెండ్లిలో పీట మీద పసుపు రాయడానికి ఆడపడుచును పిలిచింది. భర్త యాదన్న కసిరాడు.

"తల్లివి నువ్వుండంగ వేరేటోళ్లెందుకే?"

"నా చెయ్యి మంచిది గాదు. పిలగాడు సల్లగుండొద్దా?" అంది.

ఎగతాళిగానే అంది. కానీ కుడిచేతిని కొంగులో దాచుకుంది. 

రెండువేల సంవత్సరం దాటాక, ఒక ఎండాకాలంలో కంపెనీకి చిత్రమైన ఆర్డరు వచ్చింది. పట్నంలోని ఒక మ్యూజియం వాళ్లకు ఫైబర్‌తో ఒక అల కావాలట. మనిషంత ఎత్తు, పైన వంగి, అంచున నురుగుతో. పదవీ విరమణకు దగ్గరపడ్డ కామేశ్వరరావు సుద్దముక్కతో గచ్చు మీద గీశాడు. జుట్టు నెరిసిన చిన్నరాములు ఆ గీత చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"సారూ, గిది అలనా, పొట్టేలు కొమ్మా?"

"అలేనయ్యా. ఇలా లేచి, ఇలా వంగి, ఇలా విరుచుకుపడుతుంది" అంటూ ఆయన చేత్తో చూపించబోయి, తడబడి, రెసిన్ డబ్బా మీద కూలబడ్డాడు. షెడ్డంతా గొల్లుమంది.

"పడుడు మంచిగ అర్థమైంది సారూ. లేసుడు ఇంకోపారి సూపెట్టు" అంది మల్లవ్వ.

ఆయనా నవ్వుతూ లేచాడు. "ఏముంది, సముద్రపు ఒడ్డున తీసిన ఫొటోలతో ప్రదర్శన పెడుతున్నారట. గుమ్మంలో ఈ అల నిలబెడతారు. ఫొటోల్లో జాలర్లు, గుర్రాలు, అలల మీద బోర్డులేసుకుని..."

అక్కడ మాట ఆగిపోయింది. కత్తెర పట్టుకున్న మల్లవ్వ చేయీ ఆగింది.

"నేనూ అస్త సారూ."

"నీకక్కడేం పని?"

"అల మీద దుమ్ము పడితే తుడువొద్దా?"

ఆయన సరేనన్నాడు.

అల తయారైంది. లారీ ఎక్కించే రోజున రాధమ్మ సెలవు. కంపెనీ గేటు దాటే ఏ కొత్త వస్తువైనా పసుపు బొట్టు లేకుండా దాటదు. రాధమ్మ ముందురోజే కట్టిచ్చిన పసుపు పొట్లం చిన్నరాములు చేతిలో ఉంది.

"మల్లక్కా, నువ్వే పెట్టరాదు."

"ఒద్దు తమ్మీ. పనికిరాని చెయ్యి ఎందుకు?"

అతను పొట్లం అట్లాగే జేబులో వేసుకున్నాడు. బొట్టు లేకుండానే అల బయల్దేరింది. లింగంపల్లి దాటి కూకట్‌పల్లి జనంలో లారీ మెల్లగా పోతుంటే, వెనక తాళ్లతో కట్టిన నీలం అలను, దాని పక్కనే గుడ్డ పట్టుకుని కూర్చున్న మల్లవ్వను చూసి సైకిల్ మీది ముసలాయన ఒకడు దండం పెట్టాడు.

"ఏం దేవుడమ్మా?"

"గంగమ్మ తల్లి. పట్నంల నీళ్లు లేవంట, తీస్కపోతున్నం" అంది మల్లవ్వ.

మ్యూజియం దగ్గరికొచ్చాక అల గుమ్మంలో పట్టలేదు. తలుపు ఊడదీస్తే తప్ప లోపలికి రాదని తేలింది. ప్రదర్శన చూసుకునే ఆఫీసరు కమలాకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "సముద్రాన్ని గుమ్మంలో ఇరికించకండయ్యా, రేపే ప్రారంభం!" అంది. మగవాళ్లంతా తలుపు బందుల మీద పడ్డారు. మల్లవ్వ పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్లింది.

పొడుగాటి హాలు. ఒక గోడకు అప్పటికే ఫొటోలు తగిలించారు, నలుపు తెలుపువి, తలుపంతేసి ఉన్నాయి. ఇంకో గోడ వారగా మిగిలినవి కాగితం చుట్టి ఆనించి ఉన్నాయి. మొదటి ఫొటో ముందు ఆమె నోరు తెరిచి నిలబడింది. ఫొటోలో కింద సగం ఇసుక, మీద సగం నీళ్లు, అంతే.

"ఇన్ని నీళ్లా!" అంది తనలో తాను. "ఎవ్వలికీ పని లేకుంట ఇన్ని నీళ్లా!"

తర్వాతి ఫొటోల్లో పల్లీలమ్మే ముసలమ్మ, లంగాలు పైకెత్తుకుని అల నుంచి పరుగెత్తుతున్న ఆడపిల్లలు, వల లాగుతున్న జాలర్లు. మల్లవ్వ ఒక్కొక్కరినీ పలకరించినట్టే చూసుకుంటూ పోయింది. చివరి ఫొటో దగ్గర చేతిలో గుడ్డ జారిపోయింది.

ఇసుకలో నిలువునా గుచ్చిన ఒక పీట. దాని మీద స్టిక్కరు లేదు. ఉప్పునీళ్లకు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. నలుపు తెలుపు ఫొటోలో పసుపు రంగూ లేదు. పసుపున్న చోట పొర అంటుకోక తెల్లగా పొంగి, ఒక చెయ్యి ఆకారం మిగిలింది. నాలుగున్నర వేళ్లు. చుట్టూ ఎవరూ లేరు. ఒక్క మనిషి లేడు. ఒట్టి పీట, వెనక సముద్రం.

మల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

తలుపు ఊడదీసి లోపలికొచ్చిన చిన్నరాములు ఆమెను చూసి, తలెత్తి ఫొటోను చూశాడు. కమలాకుమారి నీళ్ల సీసా తెచ్చింది. "ఎండదెబ్బ తగిలిందా అమ్మా?"

"మేడమ్, ఆ పిల్లగాడు యాడ?" అంది మల్లవ్వ. "గీ పీట మీది పిల్లగాడు? ఎర్రెంటికెలోడు?"

కమలాకుమారికి అర్థం కాలేదు. మల్లవ్వ లేచి, ఫొటోలోని చెయ్యి పక్కన తన చెయ్యి ఎత్తిపట్టింది. సగం వేలుకు సగం వేలు సరిపోయింది. చిన్నరాములు పసుపు సంగతంతా గబగబా చెప్పాడు. వెనక నిలబడ్డ కామేశ్వరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అక్కడే విరుగుతుందని చెప్పింది నేనేనండీ. ఇన్నేళ్లుగా ఈవిడ అదే పట్టుకుని ఉంది" అన్నాడు.

కమలాకుమారి ఫొటో కింద అంటించిన చీటీ చదివింది. "ఊరి పేరొక్కటే ఉందమ్మా. మనిషి సంగతి లేదు." మల్లవ్వ ముఖం చూసి, కాగితం చుట్టిన ఫొటోల వైపు తిరిగింది. "ఈ ఫొటోలు తీసినాయన ఆ ఊరికి ఏళ్ల తరబడి వెళ్లొచ్చారు. అక్కడివి ఇంకా ఉండాలి. విప్పుదాం పదండి."

రేపటి ప్రారంభం పక్కకు పోయింది. వడ్రంగులు కూడా సుత్తులు వదిలి వచ్చారు. ఒక కాగితం చింపారు, పడవలు. ఇంకోటి చింపారు, ఎండుచేపలు, వాటిని కాపలా కాస్తున్న కుక్క. ఇంకోటి, ఆకాశమంత ఎత్తు లేచిన అల.

"గిదా సారూ మీరు పడ్డది?" అన్నాడు చిన్నరాములు మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాతి కాగితం కమలాకుమారి సగం చింపేసరికి పీట కనబడింది, నీళ్ల మీద పడుకోబెట్టి. దాని మీద జాలర్ల పిల్ల ఒకతి, ఏడెనిమిదేళ్లది, మోకాళ్లు వంచి, చేతులు రెండు పక్కలకు చాపి నిలబడి ఉంది. అచ్చం మల్లవ్వ అరుగు మీద ఊగి చూపించినట్టే. ఆ పిల్ల పాదాల మధ్య తెల్లని చెయ్యి.

"మిగతాది చింపుండ్రి, మేడమ్" అంది మల్లవ్వ.

మిగతా సగంలో, నడుం లోతు నీళ్లలో, పీట తోకను రెండు చేతులతో పట్టుకుని నవ్వుతూ ఒకడున్నాడు. గడ్డం పెరిగింది. జుట్టు ముందు నుంచి సగం పోయింది. పొట్ట ముందుకొచ్చి అలను ఆపుతున్నట్టుంది. ఆ నవ్వు మాత్రం, థర్మోకోల్ పీట కరిగిపోతుంటే నేల మీద కూలబడి నవ్విన నవ్వే.

కమలాకుమారి కిందున్న చీటీ గట్టిగా చదివింది. "'మార్టిన్, తన పాత బోర్డు మీద పిల్లలకు నేర్పుతూ.' పోయిన ఏడాది తీసిందే."

 అప్పుడు మల్లవ్వ మొదలుపెట్టింది.

"ఓరి నీ బొర్ర పాడుగాను! ఇన్నేండ్లు నన్ను సంపుకతిని నువ్వేమో గింత బొర్ర పెంచినవారా! ఒక్క కబురన్న పెడితే నీ సొమ్మేం పోతుండె? ఉండు, తొక్కు పెడ్త నీకు, మల్లోపారి ఏడ్పిస్త..."

తిడుతూనే నవ్వుతోంది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. చిన్నరాములు, "ఎర్రెంటికెలు పోయినయ్ గదక్కా, ఇంకెట్ల గుర్తుపడ్తవు?" అన్నాడు. దాంతో నవ్వు హాలంతా పాకింది. గేటు దగ్గర కాపలావాడు కూడా తొంగిచూశాడు. కామేశ్వరరావు ఫొటో దగ్గరికంటా వెళ్లి, పీట అంచు నుంచి అంచు దాకా చూపుతో తడిమాడు. ఎక్కడా పగులు లేదు.

"విరగలేదు, మల్లవ్వా" అన్నాడు. "నేనే తప్పు."

"పోనీ సారూ. మీరు అట్ల అనబట్టే గద, ఇన్నేండ్లు గా పిల్లగాణ్ణి మర్సిపోలే."

సాయంత్రానికి అల గుమ్మంలో నిలబడింది. వడ్రంగులు తలుపు మళ్లీ బిగిస్తున్నారు. లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మల్లవ్వ కదల్లేదు. అల చుట్టూ తిరిగి, గోడ దిక్కున్న వెనక భాగం చూసి, చేయి చాపింది.

"తమ్మీ, పొట్లం తియ్యి."

చిన్నరాములు జేబులోంచి పసుపు పొట్లం తీశాడు. దాంట్లో సీసాలోని నీళ్లు పోశాడు. ఆమె కుడి అరచేతినిండా పసుపు పూసుకుంది.

"వెనకెందుకమ్మా, అందరూ చూసే దిక్కే పెట్టు" అంది కమలాకుమారి.

మల్లవ్వ ముందుకొచ్చింది. నీలం అల నడుమ, నురుగుకు కాస్త కింద, చెయ్యి ఎత్తింది.

"తడి ఆరిందో లేదో చూసుకో, మల్లవ్వా" అన్నాడు కామేశ్వరరావు.

"ఆరకపోయినా ఏం గాదు సారూ. సూసినం గద" అని, ఆమె చెయ్యి గట్టిగా ఒత్తింది.